కణం నోరు నొక్కే విద్య

గాలికుంటు సోకిన పశువును పాడి రైతు దూరం నుంచే గుర్తుపడతాడు. నోటి వెంట తీగలు తీగలుగా చొంగ కారుతుంది. నాలుక మీద, చిగుళ్ల మీద, గిట్టల సందున బొబ్బలు లేచి చిట్లుతాయి. మేత ముట్టదు. కాలు నేల మీద ఆనించలేక కుంటుతుంది. నిన్నటిదాకా నిండుగా ఇచ్చిన పాలు అడుగంటుతాయి. పెద్ద పశువుల్లో చావులు తక్కువే గానీ, లేగదూడల్లో గుండె కండరం దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. నాటు పశువులు కొంత తట్టుకుంటాయి. సంకరజాతి ఆవులు తట్టుకోలేవు.

వైద్య చరిత్రలో ఈ జబ్బుకు పెద్ద పీటే ఉంది. 1898లో జర్మనీలో ఫ్రీడ్రిష్ లోఫ్లర్, పాల్ ఫ్రోష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బొబ్బల్లోని ద్రవాన్ని బాక్టీరియా దూరలేని సన్నని వడపోతలోంచి పంపారు. వడకట్టిన ద్రవం కూడా దూడలకు జబ్బు తెచ్చింది. జంతువులకు రోగం తెచ్చే వైరస్ ఒకటుందని తేలడం అదే మొదలు. అప్పటికి దాన్ని ఎవరూ చూడలేదు. చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. దాని అడ్డుకొలత సుమారు 30 నానోమీటర్లు, అంటే అలాంటివి ముప్పై మూడు వేలు పక్కపక్కన పేరిస్తే ఒక మిల్లీమీటరు.

అంత చిన్న పెట్టెలో ఏముంటుంది? దాదాపు 8,400 అక్షరాల ఆర్ఎన్ఏ పోగు ఒకటి, దాని చుట్టూ ప్రోటీన్ గుల్ల. అంతే. ఆ అక్షరాలతో పది పదిహేను ప్రోటీన్లకు సరిపడా సమాచారం రాసుకుంది. కానీ ఆ సమాచారాన్ని చదివి ప్రోటీన్ చేసే సాధనం ఒక్కటీ దాని దగ్గర లేదు. ఆ సాధనం పేరు రైబోసోమ్. అందులో దాదాపు 80 ప్రోటీన్లు, నాలుగు ఆర్ఎన్ఏ పోగులు ఉంటాయి. ఒక్కో రైబోసోమ్ ఇంచుమించు ఈ వైరస్ అంత ఉంటుంది. వెంట తెచ్చుకోవడానికి చోటెక్కడ? పైగా తెచ్చుకోవలసిన అవసరమూ లేదు. ఆవు నాలుక మీది ఒక్కో కణంలో అవి లక్షల్లో ఉంటాయి.

రైబోసోమ్ పనిని మన ఊళ్లలోని జకార్డ్ మగ్గంతో పోల్చవచ్చు. పైన ఏ అట్టల వరుస పెడితే కింద చీరకు ఆ అంచే దిగుతుంది. ఆ అట్ట ఎవరు గుద్దించారో మగ్గానికి అనవసరం. కణం కేంద్రకంలోని జన్యువుల నుంచి వచ్చే సందేశ ఆర్ఎన్ఏలు ఆ అట్టల్లాంటివి. వైరస్ ఆర్ఎన్ఏ కూడా అదే భాషలో, అదే అక్షరాలతో రాసి ఉంటుంది. గాలికుంటు వైరస్‌ది మరీ సులువు: లోపలికి వచ్చిన ఆర్ఎన్ఏ పోగే నేరుగా సందేశంగా పనికొస్తుంది, ఇంకొక దాన్ని రాసుకోవలసిన పని లేదు.

అయితే మగ్గం మీదికి ఎక్కడానికి ఒక అడ్డంకి ఉంది. కణం తన సందేశాల మొదట్లో ఒక రసాయన టోపీ తొడుగుతుంది. మిథైల్ గుంపు చేరిన గ్వానోసిన్ అది. 1970ల నడుమ దాని నిర్మాణం బయటపడింది. ఈఐఎఫ్4ఈ అనే ప్రోటీన్ ఆ టోపీని పట్టుకుంటుంది. దాన్ని ఈఐఎఫ్4జీ అనే పెద్ద ప్రోటీన్ పట్టుకుంటుంది. (4జీ అనగానే సెల్‌ఫోన్ గుర్తొస్తే తప్పు పాఠకులది కాదు.) ఈ 4జీ ఒక చేత్తో టోపీ పట్టిన దాన్ని, ఇంకో చేత్తో రైబోసోమ్ చిన్న భాగాన్ని రప్పించే సామగ్రిని పట్టుకుని నడుమ వంతెనలా నిలుస్తుంది. అప్పుడు రైబోసోమ్ చిన్న భాగం టోపీ దగ్గర ఎక్కి, సందేశం వెంట జరుగుతూ పోయి, ప్రోటీన్ మొదలు పెట్టాల్సిన చోటు కనిపించగానే ఆగుతుంది. పెద్ద భాగం వచ్చి కలుస్తుంది. పని మొదలవుతుంది.

గాలికుంటు వైరస్ ఆర్ఎన్ఏకు టోపీ లేదు. టోపీ ఉండాల్సిన చోట ఒక చిన్న ప్రోటీన్ ముక్క అంటుకుని ఉంటుంది. మామూలు లెక్కన రైబోసోమ్ దాన్ని పట్టించుకోకూడదు. మరి ఎలా ఎక్కించుకుంటోంది?

దీనికి జవాబు ముందు పోలియో వైరస్‌లో దొరికింది. అది గాలికుంటు వైరస్‌కు దగ్గరి చుట్టమే, రెండూ పికోర్నా కుటుంబం. 1988లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెర్రీ పెలెటియర్, నహూమ్ సోనెన్‌బర్గ్ ఒక తమాషా సందేశాన్ని తయారు చేశారు. ఒకే పోగు మీద రెండు జన్యువులు పెట్టి, వాటి నడుమ పోలియో ఆర్ఎన్ఏ మొదటి భాగాన్ని అతికించారు. మొదటి జన్యువు టోపీ మీద ఆధారపడింది. రెండోదానికి ముందు టోపీ లేదు, పోలియో ముక్క ఒక్కటే ఉంది. అయినా రెండో ప్రోటీన్ తయారైంది. పోలియో సోకిన కణాల్లో మొదటి ప్రోటీన్ ఆగిపోయినా రెండోది మాత్రం ఆగలేదు. అంటే రైబోసోమ్ చివర నుంచి రావడం లేదు, నడుమనే దిగుతోంది. అదే ఏడాది అమెరికాలో ఎకార్డ్ విమ్మర్ బృందం ఇంకో పికోర్నా వైరస్‌లో ఇదే చూపించింది. ఈ దిగుడు చోటుకు ఐరెస్ అని పేరు పెట్టారు. గాలికుంటు వైరస్‌లో అది దాదాపు 450 అక్షరాల పొడవు. ముడతలు ముడతలుగా మడత పడి, 4జీ వచ్చి కూర్చోవడానికి వీలైన ఆకారంలో ఉంటుంది.

ఇప్పుడు వైరస్ రాసుకున్న వరుసను చూడాలి. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఆ వరుసే. గాలికుంటు వైరస్ తన ప్రోటీన్లన్నిటినీ 2,300కు పైగా అమైనో ఆమ్లాల ఒకే పొడవాటి గొలుసుగా చేయించుకుని, తరువాత తానే ముక్కలు చేసుకుంటుంది. రైబోసోమ్ సెకనుకు అయిదారు అమైనో ఆమ్లాలు కలుపుతుందనుకుంటే గొలుసు మొత్తానికి ఏడు నిమిషాలు పడుతుంది. గొలుసులో అందరికన్నా ముందున్నది 200 అమైనో ఆమ్లాల ఎల్ ప్రోటీన్. నిమిషం తిరగకముందే అది చేతికొస్తుంది. గుల్ల కట్టే ప్రోటీన్లు, ఆర్ఎన్ఏ నకళ్లు తీసే ఎంజైమ్, ఇవన్నీ దాని వెనకే. ఎల్ ఒక కత్తెర. మటన్ మెత్తబడాలని పచ్చి బొప్పాయి వేస్తారే, అందులోని పపాయిన్ కుటుంబానికి చెందిన ఎంజైమే ఇది కూడా. పుట్టగానే గొలుసు నుంచి తన్ను తాను తెంపుకుంటుంది. తరువాత వెళ్లి 4జీని రెండు ముక్కలు చేస్తుంది.

ఎక్కడ తెంపుతుందో చూడండి. టోపీ వైపు చేయి ఒక ముక్కలోకి, రైబోసోమ్ వైపు చేయి ఇంకో ముక్కలోకి వెళ్లేలా తెంపుతుంది. వంతెన విరిగింది కాబట్టి టోపీ ఉన్న కణం సందేశాలకు రైబోసోమ్ అందదు. రైబోసోమ్ వైపు మిగిలిన ముక్క మాత్రం ఐరెస్ మీద చక్కగా కూర్చుంటుంది. ఒక్క కోతతో కణం పని ఆగింది, వైరస్ పని సాగింది. పోలియో వైరస్ వేరే కత్తెరతో ఇదే ప్రోటీన్‌ను తెంపుతుంది. సోకిన కణాల్లో 4జీ విరిగిపోతోందని 1980ల మొదట్లోనే తెలిసింది.

ఇంతవరకూ చెప్పిన తరువాత చాలా పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంతో ముగిస్తాయి: రైబోసోమ్‌లన్నీ తనకే దక్కాలని వైరస్ కణం ప్రోటీన్ల ఉత్పత్తి ఆపుతుంది అని. వినడానికి బాగానే ఉంది. కానీ ఇది సగం నిజమే. నా దృష్టిలో చిన్న సగం.

ఎందుకో చెప్పడానికి అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ప్లమ్ ఐలాండ్ అనే దీవికి వెళ్లాలి. గాలికుంటు వైరస్ దేశంలోకి పొక్కకూడదని అక్కడి ప్రభుత్వం పరిశోధనశాలను నేలకు దూరంగా సముద్రం నడుమ పెట్టింది. 1990ల నడుమ అక్కడి శాస్త్రవేత్తలు ఎల్ జన్యువు తీసేసిన గాలికుంటు వైరస్‌ను తయారు చేశారు. కత్తెర లేని వైరస్ అన్నమాట. పాఠ్యపుస్తకం చెప్పినట్టు రైబోసోమ్‌ల కోసమే ఈ తంతు అయితే, కత్తెర పోయిన వైరస్ ఎక్కడ పెంచినా ఈసురోమంటూ ఉండాలి. అలా జరగలేదు. చిట్టెలుక జాతి హామ్‌స్టర్ పిల్ల మూత్రపిండం నుంచి తీసిన బీహెచ్‌కే అనే కణాల్లో అది మామూలు వైరస్‌కు కొంచెం తక్కువగా, అంతే, హాయిగా పెరిగింది. 4జీని తెంపే ఎల్ లేకపోయినా వైరస్‌కు కావలసినన్ని రైబోసోమ్‌లు దొరికాయి.

ఆవుల్లో కథ వేరుగా నడిచింది. గాలి తుంపర్ల ద్వారా మామూలు వైరస్‌ను పీల్చిన ఆవులకు ఒళ్లంతా వ్యాపించి జబ్బు వచ్చింది. కత్తెర లేని వైరస్ ఊపిరితిత్తుల్లో కొద్దిచోట్ల కనిపించి అక్కడే ఆగిపోయింది. బొబ్బలు లేవు.

హామ్‌స్టర్ కణాలకూ ఆవుకూ తేడా ఏమిటి? ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లో ఆలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ కనుక్కున్న ప్రోటీన్ ఇది. వైరస్ చొరబడిందని పసిగట్టిన కణం దీన్ని చేసి బయటికి వదులుతుంది. పొరుగు కణాలు దాన్ని అందుకుని వైరస్ రాకముందే తలుపులు బిగించుకుంటాయి. కేక వేసిన కణం చావవచ్చు, వాడ బతుకుతుంది. బీహెచ్‌కే కణాలకు ఈ కేక వేసే శక్తి సరిగా లేదు. ఆవు కణాలకు ఉంది.

ఇంటర్‌ఫెరాన్ కూడా ప్రోటీనే కదా. దాని సందేశానికీ టోపీ ఉంటుంది, దానికీ 4జీ వంతెన కావాలి. 1999లో ప్లమ్ ఐలాండ్ బృందం ఆవు మూత్రపిండ కణాల్లో దీన్ని పరీక్షించింది. మామూలు వైరస్ సోకినా, కత్తెర లేని వైరస్ సోకినా, ఇంటర్‌ఫెరాన్ సందేశం కణంలో తయారైంది. కానీ కణాలు మునిగి ఉన్న ద్రవంలోకి వైరస్‌ను అడ్డుకునే పదార్థం బాగా వచ్చి చేరింది కత్తెర లేని చోటే. మామూలు వైరస్ ఉన్నచోట సందేశం రాసి ఉంది, చదివే దిక్కు లేదు. తరువాతి ఏళ్లలో ఇంకో సంగతి కూడా తేలింది. ఎల్ కత్తెర కేంద్రకంలోకి కూడా వెళ్లి, ఇంటర్‌ఫెరాన్ సందేశం రాయించే యంత్రాంగంలో ఒక భాగాన్ని పాడు చేస్తుంది. రాతనూ అడ్డుకుంటుంది, చదువునూ అడ్డుకుంటుంది.

ఇలా చూస్తే ఆ వరుసకు అర్థం తెలుస్తుంది. గుల్ల కన్నా, నకళ్లు తీసే ఎంజైమ్ కన్నా ముందు కత్తెర ఎందుకు? కణం పసిగట్టి, సందేశం రాసి, దాన్ని కేంద్రకం దాటించి, ప్రోటీన్ చేసేలోపు కొంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలోనే నోరు నొక్కాలి. ఆలస్యమైతే ఎన్ని రైబోసోమ్‌లు చేతిలో ఉన్నా లాభం లేదు, పక్క కణం తలుపు తీయదు.

గాలికుంటుతో ఏ చుట్టరికమూ లేని ఇంకో వైరస్ కూడా ఇదే వరుస పాటిస్తుందని తెలిస్తే ఈ మాటకు బలం వస్తుంది. కోవిడ్ తెచ్చిన కరోనా వైరస్ జన్యుపటం దాదాపు 30,000 అక్షరాలు. అందులో మొట్టమొదట తయారయ్యేది ఎన్ఎస్పీ1 అనే 180 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. 2020లో జర్మనీలో రోలండ్ బెక్‌మన్ బృందం, స్విట్జర్లాండ్‌లో నెనాద్ బాన్ బృందం దాని బొమ్మ తీసి చూపించాయి. అది దేన్నీ తెంపదు. తన తోకను రైబోసోమ్ చిన్న భాగంలోకి, సందేశం దూరాల్సిన కంతలోకి దోపి బిరడాలా కూర్చుంటుంది. వైరస్ సొంత సందేశాలన్నిటి మొదట్లో ఒకే రకం మడత ఉంటుంది. అది ఉన్నవి ఈ అడ్డును దాటి పోగలవు. కణం సందేశాలు పోలేవు. ఇంటర్‌ఫెరాన్ అంతే సంగతులు. సాధనం వేరు, వైరస్ వంశం వేరు, పని మాత్రం అదే. వరుసలో చోటూ అదే. అయితే అన్ని వైరస్‌లూ ఇలాగే చేస్తాయని అనలేం. పోలియో కత్తెర గొలుసు నడుమ ఎక్కడో ఉంటుంది.

ఫ్లూ వైరస్ పద్ధతి ఇంకోలా ఉంటుంది. అది టోపీలనే దొంగిలిస్తుంది. కేంద్రకంలోకి వెళ్లి, అప్పుడప్పుడే తయారవుతున్న కణం సందేశాలను పట్టుకుని, టోపీతో పాటు పది పదమూడు అక్షరాలు కత్తిరించి తన సందేశానికి అతికించుకుంటుంది. తల పోయిన సందేశం చెత్తలోకి, తల అతికిన సందేశం రైబోసోమ్ మీదికి. ఈ దొంగతనాన్నే అడ్డుకునే బలాక్సవిర్ అనే మందుకు 2018లో జపాన్‌లోనూ, అమెరికాలోనూ అనుమతి వచ్చింది. వైరస్ కత్తిరించే చోటు తెలిస్తే ఆ చోట మందు పెట్టవచ్చని రుజువైన కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

కణం కూడా ఊరికే కూర్చోదు. దాని దగ్గర పీకేఆర్ అని ఒక కాపలా ప్రోటీన్ ఉంది. రెండు పేటల ఆర్ఎన్ఏ కనిపిస్తే, అంటే వైరస్ నకళ్లు తీసుకుంటున్న గుర్తు కనిపిస్తే, అది మేల్కొని ఈఐఎఫ్2 అనే అంశానికి ఫాస్ఫేట్ తగిలించి పాడు చేస్తుంది. ఆ అంశం లేకపోతే ఏ ప్రోటీనూ మొదలు కాదు, కణానిదీ కాదు, వైరస్‌దీ కాదు. ఉత్పత్తి మొత్తం ఆపేయడమన్నమాట. అది తన గొంతు తానే నులుముకోవడమే, కానీ వైరస్‌కు ఆ కణం దక్కదు. దీనికీ విరుగుడు పుట్టింది. మశూచి టీకాలో వాడిన వ్యాక్సీనియా వైరస్ ఈఐఎఫ్2ను పోలిన నకిలీ ప్రోటీన్‌ను తయారుచేసి పీకేఆర్‌కు ఎరవేస్తుంది. అడినోవైరస్ పొట్టి ఆర్ఎన్ఏలతో పీకేఆర్‌ను మొద్దుబారుస్తుంది. ఎంఆర్ఎన్ఏ టీకాలు చేసినవాళ్లకూ ఇలాంటి కాపలాలతోనే పేచీ వచ్చింది. యూరిడిన్ అక్షరాన్ని కొద్దిగా మారిస్తే కాపలా ఊరుకుంటుందని కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపించారు. 2023లో నోబెల్ అందుకున్నది ఆ పనికే.

కీచురాళ్లకు పక్షవాతం తెచ్చే ఒక పురుగు వైరస్ అయితే ఈఐఎఫ్2 పేచీయే లేకుండా చేసుకుంది. దాని ఐరెస్‌కు ఈఐఎఫ్2 అక్కర్లేదు, 4జీ అక్కర్లేదు, ప్రారంభానికి కావలసిన అంశాల్లో ఒక్కటీ అక్కర్లేదు. ఆర్ఎన్ఏ పోగు తానే మడత పడి రైబోసోమ్ లోపల నేరుగా కూర్చుని పని మొదలు పెట్టిస్తుంది. చిదంబరంలో పుట్టి, రైబోసోమ్ నిర్మాణానికి 2009లో నోబెల్ పంచుకున్న వెంకట్రామన్ రామకృష్ణన్ బృందం 2014లో దాన్ని అతిశీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో పట్టి చూపించింది. నన్నడిగితే రైబోసోమ్ గురించి మనకు తెలిసిన దాంట్లో పెద్ద వాటా వైరస్‌లు నేర్పిందే. గాలికుంటు వైరస్ గొలుసు నడుమ 18 అమైనో ఆమ్లాల చిన్న ముక్క ఒకటి ఉంది. అక్కడికి రాగానే రైబోసోమ్ ఒక బంధం వేయడం మరిచి, ముందు భాగాన్ని వదిలేసి, మళ్లీ అక్కణ్నుంచే అల్లిక సాగిస్తుంది. బ్రిటన్‌లో మార్టిన్ రయాన్ బృందం దీని గుట్టు విప్పింది. ఒకే సందేశం నుంచి రెండు మూడు ప్రోటీన్లు విడివిడిగా కావాలనుకునే జన్యుచికిత్స ప్రయోగశాలలెన్నో ఇప్పుడు ఆ ముక్కను అరువు తెచ్చుకుంటున్నాయి.

మన దగ్గర ఆరు నెలలకోసారి పశువులకు వేసే గాలికుంటు టీకా కూడా కణం రైబోసోమ్‌లను వైరస్ వాడుకునే ఈ చౌర్యం పుణ్యమే. హైదరాబాద్‌లో ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను జాతీయ పాడి అభివృద్ధి బోర్డు నెలకొల్పిందే ముఖ్యంగా ఈ టీకా కోసం. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఆవులకూ గేదెలకూ ఇస్తున్నదీ ఈ రకం టీకానే. పెద్ద పెద్ద తొట్లలో బీహెచ్‌కే కణాలను పెంచి, వాటిలోకి నిజమైన వైరస్‌ను వదిలి, అది కణాల చేత తన గుల్లలను కుప్పలుగా చేయించుకున్నాక, రసాయనంతో చంపి టీకాగా నింపుతారు. మన దేశంలో తిరిగే ఓ, ఏ, ఆసియా-1 రకాలు మూడూ అందులో ఉంటాయి.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. చంపేదాకా తొట్టిలో ఉన్నది బతికున్న వైరసే, అదీ భారీగా. 2007 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని సర్రీలో గాలికుంటు పుట్టుకొచ్చింది. ఆరా తీస్తే అది దగ్గర్లోని పిర్‌బ్రైట్ ఆవరణ నుంచే వచ్చిందని తేలింది. పరిశోధనశాల, టీకా తయారీ సంస్థ రెండూ ఉన్న చోటు అది. పాత మురుగు గొట్టాలు కారి వైరస్ మట్టిలోకి, అక్కణ్నుంచి మందల్లోకి చేరింది.

ప్లమ్ ఐలాండ్ బృందం కత్తెర తీసేసిన వైరస్‌ను మళ్లీ బయటికి తీసింది ఈ బెడద తప్పించడానికే. ఎల్ జన్యువు లేకుండా, మరికొన్ని గుర్తులు మార్చి చేసిన వైరస్ రకాల మీద 2012లో ఫలితాలు ప్రచురించారు. బీహెచ్‌కే తొట్టిలో కేక వేసేవాళ్లు లేరు కాబట్టి, నోరు నొక్కే కత్తెర లేకపోయినా అది టీకాకు సరిపడా పెరుగుతుంది. బతికుండగానే ఆవులకూ పందులకూ ఎక్కిస్తే జబ్బు రాలేదు. చంపి టీకాగా వేసిన ఆవులకు మూడు వారాల తరువాత అసలు వైరస్ ఎక్కించారు, అవి తట్టుకున్నాయి.